కూలని గడ్డిమిద్దె

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, కాసేపు అవీ ఇవీ మాట్లాడి, లేచే ముందు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: "మేడం, ఈ నౌకరీ అసలు ఎట్లుంటది?" గడప దగ్గర నిలబడి చెప్పగలిగిన జవాబు కాదు అది. అందుకే రాస్తున్నాను.

నేను సివిల్ ఇంజనీరును. పుట్టి పెరిగింది సైదాబాద్‌లో. నాన్న ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టర్. నా ఉద్యోగమంతా ప్రభుత్వ భవనాల విభాగంలో, దాదాపు మొత్తం పాతబస్తీలోనే గడిచింది. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ కుర్చీలో కూర్చున్నానో మీకు అనవసరం. మీకు పనికొచ్చేది ఒక్కటే. మన పని భయపడటం. మంది నిశ్చింతగా కూర్చున్న చోట వాళ్ల తరఫున మనం భయపడాలి. ఆ భయం ఎప్పుడు నిజమో, ఎప్పుడు ఉత్తదో తెలుసుకోవడానికి ఉద్యోగకాలమంతా పడుతుంది. నాకైతే అదీ సరిపోలేదు.

లాడ్ బజార్ వెనక గల్లీ

మొదటి ఏళ్లలో నా పని పాత ఇళ్లు చూడటం. వానలకు ముందే గల్లీలు తిరిగి, ఏ గోడ ఉబ్బిందో, ఏ దూలం పుచ్చిందో చూసి, ప్రమాదం అనిపిస్తే ఇల్లు ఖాళీ చేయించాలి. మా పైఅధికారి కృష్ణారావుగారు. మాట తక్కువ, కోపం ఎక్కువ.

లాడ్ బజార్ వెనక లక్కగాజులు చేసే ఒక కుటుంబం ఉండేది. వాళ్లది మట్టిమిద్దె. ఈ తరం వాళ్లు చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను. దూలాల మీద చెక్కలు పరిచి, వాటి మీద మందంగా మట్టి కొట్టేవారు. ఎండాకాలం ఇల్లు చల్లగా ఉండేది. వానాకాలం ఆ మట్టే నీళ్లు తాగి బరువెక్కేది. వాన వెలిసి, జనం హమ్మయ్య అనుకున్నాక కూలిన మిద్దెలు కూడా ఉన్నాయి.

నేను గడప బయట నిలబడి, ఇల్లు ఖాళీ చేయాలని గట్టిగా చెప్పాను. ఇంటి పెద్దావిడ లక్క కరిగించే కుంపటి ముందు నుంచి లేవలేదు.

"నీకు భయమైతే నువ్వు పో. నాకేం గాదు," అంది.

నాతో వచ్చిన కృష్ణారావుగారు చెప్పులు విడిచి లోపలికి వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చున్నారు. గాజుల గురించి అడిగారు. రంగు ఎట్లా పడుతుందో, అద్దాలు ఎట్లా అతుకుతారో చూశారు. చాలాసేపయ్యాక, "అమ్మా, ఈడ కూసుంటే నాకు భయమైతుంది. మీకు గాదా?" అన్నారు.

ఆమె కుంపటి వైపే చూస్తూ అంది: "అయితది. రోజూ అయితది."

వానలు రాకముందే వాళ్లు ఆమె చెల్లెలి ఇంటికి మారిపోయారు. ఆ రోజు తిరిగి వస్తూ కృష్ణారావుగారు నాతో అన్నారు: "బయట నిలబడి బయటికి రమ్మంటే ఎవరూ రారమ్మా. లోపలికి పోయి పిలవాలె." ఉద్యోగంలో నాకు ఎవరైనా నేర్పింది ఉందంటే అది.

గడ్డిమిద్దె

ఉద్యోగం చివరి ఏళ్లలో కిషన్‌బాగ్ వైపు ఒక పార్కు బాధ్యత నా మీద పడింది. పార్కు మధ్యలో కొత్తగా కట్టిన మంటపం ఉంది. గోడలు లేవు. సన్నని స్తంభాలు, వాటి మీద వెడల్పాటి స్లాబు, స్లాబు మీద తోట. కాగితాల్లో దానికి ఏదో పొడుగాటి పేరుంది. బస్తీ జనం మాత్రం గడ్డిమిద్దె అన్నారు. ఆ పేరే నిలిచింది.

గీసిన ఆర్కిటెక్టు తెలివైనవాడు. మామూలు మట్టి కాకుండా కొబ్బరిపొట్టు, తేలికైన రాతిముక్కలు కలిపిన పలుచటి పొర వేయించాడు. నీళ్లు తక్కువ అడిగే, దళసరి ఆకుల చిన్న మొక్కలు పెట్టించాడు. వాననీళ్లు పోవడానికి నాలుగు మూలలా గొట్టాలు. మండుటెండలో ఆ కింద అడుగుపెడితే ఒళ్లు చల్లబడేది. పొద్దున నడకకు వచ్చే ఆడవాళ్లు, మధ్యాహ్నం ట్యూషన్ పిల్లలు, మహిళా సంఘం వాళ్లు అక్కడే చేరేవారు. ప్రభుత్వం కట్టిన దాన్ని జనం అంత ఇష్టంగా వాడుకోవడం నేను తక్కువ చూశాను.

అందరికన్నా ఎక్కువగా వాడుకున్నది అంజవ్వ. పార్కు వెనక గల్లీలో వాళ్లకు బర్రెల పాడి ఉంది. పాల వ్యాపారం కొడుకు శంకర్‌కు అప్పగించాక ఆమె మధ్యాహ్నాలన్నీ గడ్డిమిద్దె కింద బెంచీ మీదే గడిచేవి. నన్ను చూస్తే పక్కన కూర్చోమనేది.

"ఏసీ లెక్క ఉంటది బిడ్డా. కరెంటు వోయినా బందుగాని ఏసీ."

ఎర్రమట్టి

ఆ ఎండాకాలం మొక్కలు పసుపుపచ్చగా మారాయి. వాటి తత్వమే అంత. ఎండకు ముడుచుకుని, వానకు మళ్లీ లేస్తాయి. కానీ సరిగ్గా అప్పుడే బయటినుంచి పెద్దవాళ్లెవరో పార్కు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. అప్పటి మా పెద్దసారు నన్ను పిలిపించారు.

"ఏందమ్మా ప్రమీలా గిది? పచ్చటి కప్పు అని చెప్పి ఎండిన గడ్డి సూపిస్తమా? ఎర్రమట్టి పోయించు. లాన్ పరిపించు. అంచులకు నాలుగు గన్నేరు చెట్లు పెట్టించు."

"సార్, ఎర్రమట్టి నీళ్లు పట్టుకుంటది. తడిస్తే మస్తు బరువైతది. గొట్టాల్లోకి జారితే పూడుకుపోతయ్."

"స్లాబమ్మా అది! గడ్డి ఏస్తే పడిపోతదా? ఊకె ఫికర్ జేస్తవ్."

నేను మూడుసార్లు చెప్పాను, మూడు రకాలుగా చెప్పాను. గన్నేరు చెట్లు ఆగాయి. మట్టి ఆగలేదు. ఆర్కిటెక్టుకు ఫోన్ చేస్తే ఆయన, "నా లెక్కలో కొంత వెసులుబాటు ఉంది మేడం. కానీ మీరు ఇప్పుడు వేసింది నేను లెక్క కట్టింది కాదు," అన్నాడు. అంతకుమించి ఆయన మాత్రం ఏం చెబుతాడు?

పెద్దసారును చెడ్డవాడనుకోకండి. ఆయనకూ భయమే. చూడ్డానికి వచ్చేవాళ్ల ముఖాల్లో ఏం కనబడుతుందోనని ఆయన భయం. ఆఫీసుల్లో రెండు భయాలు ఎదురుపడితే పెద్ద కుర్చీలో ఉన్న భయమే గెలుస్తుంది. వచ్చినవాళ్లు వచ్చారు, ఫొటోలు దిగారు, బాగుందన్నారు, పోయారు. మట్టి తీయిద్దామని అడిగితే, "వానలు వోనియ్," అన్నారు.

వానలు పోవడం కాదు, రావడం నా బాధ. చినుకు పడితే చాలు, ఏదో వంక పెట్టుకుని పార్కుకు వెళ్లేదాన్ని. స్లాబు అడుగున చెమ్మ ఉందా, గొట్టాల్లోంచి నీళ్లు వస్తున్నాయా, వస్తే ఎర్రగా వస్తున్నాయా అని చూసేదాన్ని. చౌకీదారు భిక్షపతికి నన్ను చూస్తే నవ్వొచ్చేది. "మేడం, వానకంటె మీరే ముందొస్తున్నరు," అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఇంటికొచ్చాక అన్నం దిగేది కాదు.

ఆ మధ్యాహ్నం

కొన్ని రోజులుగా ముసురు. ఆ మధ్యాహ్నం ఒక్కసారిగా కుండపోత అందుకుంది. భిక్షపతి ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో నవ్వు లేదు.

"మేడం, మీదికెళ్లి నాలుగు దిక్కుల నీళ్లు దుంకుతున్నయ్. గొట్టాలకెళ్లి మాత్రం వస్తలేవు."

దారిలోనే పెద్దసారుకు ఫోన్ చేశాను. "తొందరపడకు. ఖాళీ చేయించి ఏం గాకపోతే రేపు పేపర్ల మన ఇజ్జత్ వోతది. జర సూసి చెప్పు," అన్నారు.

వెళ్లి చూశాను. పిట్టగోడ మీదుగా నాలుగు వైపులా నీళ్లు తెరలా జారుతున్నాయి. గొట్టాల మూతుల నుంచి చుక్క చుక్కగా ఎర్రటి నీరు. అంటే పైన నిండు కుంట ఉంది. ఆ కింద, మహిళా సంఘం ఆడవాళ్లు, ట్యూషన్ పిల్లలు, బండ్లు ఆపి తలదాచుకున్న దారినపోయేవాళ్లు, మక్కకంకులు కాలుస్తున్న ఒకామె. ఒకటే సందడి. పిల్లలు నీటితెరలో చేతులు పెట్టి కేరింతలు కొడుతున్నారు.

స్లాబు అడుగున, బీము వెంబడి ఒక నల్లటి మరక కనిపించింది. నిన్న ఉందా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అన్నేళ్ల అనుభవం ఆ ఒక్క ప్రశ్న దగ్గర చేతులెత్తేసింది. ఉంటే భయం లేదు. లేకుంటే ఇంతమంది.

బయట నుంచి అరవలేదు. అరిస్తే తొక్కిసలాట అవుతుంది, పిల్లలు కింద పడతారు. లోపలికి వెళ్లాను. సంఘం నాయకురాలు రజియా నాకు కొంచెం తెలుసు. ఆమె పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాను.

"రోడ్డు అవతల స్కూలు వరండా ఉంది కదా. అందరినీ అక్కడికి పంపాలి. పిల్లలు ముందు."

"గింత వానలనా? ఏమైంది మేడం?"

"పైన నీళ్లు నిలిచినయ్."

ఆమె గొంతు తగ్గించింది. "పడిపోతదా?"

"తెల్వదు రజియా. నాకు భయమైతుంది."

ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత లేచి చేతులు చరిచి, "ఉఠో, సబ్ ఉఠో! పహ్లే బచ్చే! చలో, చలో," అంటూ కొంగు తలమీదికి లాక్కుని ఒక్కో చేత్తో ఒక్కో పిల్లను పట్టుకుని వానలోకి నడిచింది. ఆడవాళ్లంతా ఆమె వెనక కదిలారు. ఇన్నేళ్లలో ఒక మనిషి నా భయాన్ని అంత త్వరగా నమ్మడం నేను ఇంకెప్పుడూ చూడలేదు.

మగవాళ్లు కొందరు కదల్లేదు. ఒకాయన నవ్వాడు. "మేడం, మీరే కట్టిన్రు, మీరే భయపడుతున్రా?" మంటపం మధ్యలో నిలబడి, వాళ్లు పోయేదాకా పోనన్నట్టు చూస్తూ ఉన్నాను. ఇద్దరు లేచారు. ఆ ఇద్దరిని చూసి మిగతావాళ్లూ లేచారు. కంకులామె కుంపటి అక్కడే వదిలేసి పోయింది.

చివరికి మిగిలింది అంజవ్వ.

"నా మోకాళ్లతోని వానల ఏడ నడుస్త బిడ్డా? నేనీడనే ఉంట."

"మీరుంటే నేనూ ఉండాలె అవ్వా."

"ఉండు మరి. ఇద్దరం ముచ్చట వెట్టుకుందం."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అది ఆమె చూసిందేమో, చెయ్యి చాపింది. ఒక పక్క నేను పట్టుకున్నాను. భిక్షపతి గొడుగు పట్టాడు. అంచు దగ్గర మెట్లు నున్నటి గ్రానైటువి. ఎర్రటి బురదనీళ్లు వాటి మీదుగా పారుతున్నాయి. ఆమె కాలు జారింది. నా చేతిలోంచి ఆమె చెయ్యి తడిసిన సబ్బులా జారిపోయింది. తుంటి ఎముక విరిగిన చప్పుడు ఆ వానలోనూ నాకు వినబడింది.

ఆమెను ఎత్తుకుని స్కూలు వరండాకు చేర్చాం. రజియా శంకర్‌కు ఫోన్ చేసింది. నేను, భిక్షపతి మళ్లీ మంటపం దగ్గరికి వచ్చాం. ఎక్కి చేతులతో మట్టి తీస్తానన్నాడు. వద్దన్నాను. దూరం నుంచే పొడుగాటి వెదురుతో గొట్టం మూతిలో పొడిచాడు. చాలాసేపటికి గడ్డివేళ్లతో కలిసిన ఎర్రటి ముద్ద ఊడిపడింది. దాని వెనక తొడ లావు ధార. ఒక్కో మూలా అట్లాగే. నీటితెర పలుచబడింది. పొద్దుగూకే వేళకు వాన తగ్గింది.

స్లాబు కూలలేదు.

పడ్డది ఎవరు?

ఆసుపత్రి వరండాలో శంకర్ నా ముందు నిలబడ్డాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"మేడం, మీ స్లాబు పడలే. మా అవ్వ పడ్డది."

ఆపరేషన్ అయ్యేదాకా కూర్చున్నాను. అతను నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. మర్నాడు పెద్దసారు, "చెప్తినా లేదా?" అన్నారు. ఒక స్థానిక పత్రిక, అధికారిణి కంగారుతో వృద్ధురాలికి గాయాలని రాసింది. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

మంటపం చుట్టూ తాడు కట్టించాను. రోజూ వెళ్లి ఆ తాడు బయట నిలబడేదాన్ని. ఒక రోజు ఎండ కాస్తోంది. గడ్డి నిగనిగలాడుతోంది. దాన్ని చూస్తూ, కూలిపో, ఇప్పుడే, ఎవరూ లేనప్పుడు కూలిపో అనుకున్నాను. కూలితే నా మాట నిజమవుతుంది. నా జీవితమంతా కప్పులు నిలబెట్టడానికే పనిచేసినదాన్ని. ఆ కోరిక నాలోంచి వచ్చిందని తెలిసి అక్కడ నిలబడలేకపోయాను. మీకూ ఎప్పుడో ఒకప్పుడు అట్లాంటి కోరిక పుడుతుంది. పుట్టినప్పుడు గుర్తుపట్టండి. దాని మాట విని మాత్రం ఏ నిర్ణయమూ చేయకండి.

తర్వాత మట్టంతా తీయించి, ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఒక పెద్ద ప్రొఫెసరును పిలిపించాం. ఒక స్తంభం తల దగ్గర, గిలాబా పూత చెక్కితే, వెంట్రుకంత చీలిక కనబడింది.

"ఇది పాతదా సార్, ఆ రోజు వచ్చిందా?"

"చెప్పలేం మేడం."

"ఆ రోజు నీళ్లు అట్లాగే ఉంటే కూలేదా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నిలబడేదేమో. కానీ ఆ 'ఏమో' కింద నేనైతే నా పిల్లల్ని కూర్చోబెట్టను."

అంతకన్నా గట్టి మాట నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగేవాళ్లు లేరు. వేళకు తీసుకున్న జాగ్రత్తకూ, ఉత్త కంగారుకూ బయటికి ఏ తేడా కనబడదు. రెండింటి తర్వాతా కప్పు అట్లాగే నిలబడి ఉంటుంది. మధ్యలో విరిగిన ఎముక మాత్రం నిజం. అందుకే ఒక్క మాట. జనాన్ని బయటికి రమ్మనేముందు, వాళ్లు నడిచే దారి ఎట్లా ఉందో కూడా చూసుకోండి.

గడ్డిమిద్దె మీద మళ్లీ మొదటి పలుచటి పొరే వేశాం. చిన్న మొక్కలే పెట్టాం. నున్నటి మెట్లు పీకించి గరుకురాయి వేయించాను, పక్కన ఏటవాలు దారి కట్టించాను. ఎండాకాలం పైన పసుపు రంగు తిరిగింది. ఎవరూ ఏమీ అనలేదు. పెద్దసారు అప్పటికే వేరే చోటికి బదిలీ అయ్యారు. పిల్లలు మళ్లీ వచ్చారు. అంజవ్వ బెంచీ మాత్రం చాన్నాళ్లు ఖాళీగా ఉంది.

ఉండమని చెప్పడం

మరుసటి వానలకు ముందు శంకర్ మా ఆఫీసుకు వచ్చాడు. అదే నా ఉద్యోగానికి చివరి వానాకాలం. గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే వచ్చాడు కానీ కూర్చోలేదు.

"మేడం, మా ఇల్లు జర వచ్చి సూస్తరా? స్లాబు పెచ్చులు రాలుతున్నయ్. అవ్వ మంచంల ఉన్నది. వేరే తాన ఉంచుదమంటే వస్తలేదు."

"నన్నెందుకు అడుగుతున్నవ్ శంకర్?"

అతను నేల వైపు చూశాడు. "భయపడేటోళ్లు మీరే కనవడ్డరు."

ఆ రోజే వెళ్లాను. పాత ఇల్లు, చాలా వానలు చూసిన స్లాబు. ప్రతి బీమూ సుత్తితో తట్టి విన్నాను. రాలిన చోట చువ్వలు గీకి చూశాను. గోడలు, మూలలు, వెనక బర్రెల కొట్టం, ఒకటీ వదల్లేదు. అంజవ్వ మంచం మీద నుంచి నన్ను చూస్తూనే ఉంది, పలకరించలేదు. పైపైన తుప్పు ఉంది. లోపల గట్టిగా ఉంది.

"ఇంట్లో ఉండొచ్చు," అన్నాను. "కొట్టం గోడ మాత్రం దింపెయ్. బర్రెలను అటు కట్టకు."

"పక్కానా మేడం?"

ఉద్యోగమంతా బయటికి రండి అని చెప్పాను. తిట్లు తిన్నాను, నవ్వులపాలయ్యాను. కానీ ఆ మాట తప్పయితే పోయేది నా పరువే అనుకుంటూ చెప్పగలిగాను. ఉండండి అనే మాట తప్పయితే? ఇంకొక్కసారి లోపలికి వెళ్లి మళ్లీ మొదటి నుంచీ చూసి వచ్చాను.

"పక్కా. ఉండండి," అన్నాను.

ఆ వారంలోనే పెద్దవాన పడింది. తెల్లవారగానే ఆటో పట్టుకుని కిషన్‌బాగ్ వెళ్లాను. ఇల్లు నిలబడి ఉంది. కొట్టం గోడ ఉన్న చోట ఖాళీ. బర్రెలు ఇవతల నెమరేస్తున్నాయి. అంజవ్వ నడిచే స్టాండు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆ ప్రమాదం తర్వాత ఆమె నిలబడగా చూడటం నాకు అదే మొదలు.

"ఏం బిడ్డా, నిలవడ్డదా లేదా అని సూడనీకొచ్చినవా?"

"పాల కోసం వచ్చిన అవ్వా."

"సైదాబాద్‌ల పాలు దొరుకుతలేవా?"

ఆమె ముఖంలో నవ్వు వచ్చీ రానట్టుగా ఉంది. స్టాండు పక్కకు జరిపి దారిచ్చింది. లోపల కూర్చున్నాను. శంకర్ చాయ్ తెచ్చి నా చేతికిచ్చి బర్రెల దగ్గరికి పోయాడు. బయట మళ్లీ చినుకులు మొదలయ్యాయి. గ్లాసు చేతిలోనే ఉంది. బీము మూల దగ్గర తడి ఏమైనా దిగిందా అని నా కళ్లు వెతుకుతున్నాయి.

అంజవ్వ మెల్లగా వచ్చి నా పక్కన మంచం మీద కూర్చుంది. చెయ్యి నా మోకాలి మీద వేసింది.

"మీదికి సూడకు బిడ్డా," అంది. "చాయ్ సల్లారుతది."